నలభయ్యో మైలు

బీవర్ బే,
ఏప్రిల్ 18

వెర్నాకు,

ఫోన్ చేయవద్దన్నావు గనక రాస్తున్నాను. అక్టోబరులో లైల్ సమాధి దగ్గర నువ్వన్న మాట మరిచిపోలేదు: "బావగారూ, మీ గొంతు అచ్చం ఆయనదే. వినలేను. చెప్పాల్సిందేదైనా ఉంటే రాయండి." తొమ్మిదేళ్లు మాట్లాడుకోని అన్నదమ్ములకు గొంతు మాత్రం ఒక్కటే ఇచ్చాడు దేవుడు. ఆయన హాస్యం అలాంటిది.

లైల్ కరెంటు సైకిలు నాకు కావాలి. ఉంచుకోవడానికి కాదు, పరీక్షించడానికి.

డేల్ కిట్టెల్‌సన్ నీకు తెలుసు. సైకిలు సంఘం వాళ్ల నెలపత్రికలో, ఏ బండి ఒక్క ఛార్జింగ్‌తో ఎన్ని మైళ్లు పోతుందో తొక్కి చూసి రాస్తుంటాడు. ముప్పై ఏళ్ల కింద నా దగ్గర భౌతికశాస్త్రం చదివాడు. చదివాడు అనడం మర్యాద కోసం. లైల్ బండి గురించి వాడు అచ్చు వేయించిన అంకె నలభై ఐదు. చూపు తగ్గిందని డాక్టరు కారు తాళాలు లాగేసుకున్నాక, మా తమ్ముడు ఆ అంకెను నమ్మే ఆ బండి కొన్నాడు.

ఆ రోజు గూస్‌బెర్రీ జలపాతం దాకా వెళ్లాడని నువ్వే అందరికీ చెప్పావు. పోను పదమూడు మైళ్లు. తిరుగుదారిలో, కాసిల్ డేంజర్ దాటాక, మీ ఇల్లు ఇంకా తొమ్మిది మైళ్లు ఉందనగా దొరికాడు. బండి ఆగాక ఒక మైలు తోసుకుంటూ నడిచి ఉంటాడని షెరిఫ్ మనుషులు అన్నారు. అంటే బ్యాటరీ పదహారు మైళ్లకే చచ్చింది. నలభై ఐదని రాసి పదహారు! డెబ్బై పౌండ్ల ఇనుమును, మంచు కలిసిన వానలో, ఎత్తు మీదికి తోస్తూ డెబ్బై ఏళ్లవాడి గుండె ఆగిపోతే దాన్ని పాస్టరు 'ప్రభువు పిలుపు' అన్నాడు. నేను దాన్ని అబద్ధం అంటాను. అబద్ధానికి సంతకం చేసినవాడి పేరు కూడా నాకు తెలుసు.

బండి పంపు. మిగతాది నేను చూసుకుంటాను.

హార్లన్


టూ హార్బర్స్,
ఏప్రిల్ 29

బావగారికి,

సైకిలు షెడ్డులో దుప్పటి కప్పుకొని ఉంది. పక్కింటి ఆర్విడ్ వచ్చే మంగళవారం మీ వైపు వస్తున్నాడు, ట్రక్కులో వేసి పంపిస్తాను. పార కోసం షెడ్డులోకి వెళ్లిన ప్రతిసారీ దాన్ని చూడకుండా తల తిప్పుకోవడం నాకూ విసుగొచ్చింది.

బ్యాటరీ దానికే ఉంది. ఛార్జర్ మాత్రం పంపను. అది నా దగ్గరే ఉంటుంది. ఎందుకని అడగకండి.

డేల్ చెడ్డవాడు కాదు. చావింటికని ఇరుగుపొరుగు వండి తెచ్చిన హాట్‌డిష్ గిన్నెలన్నీ కడిగి, అడుగున అంటించిన పేర్లు చూసి, ఎవరివి వాళ్లకు ఇంటింటికీ తిరిగి ఇచ్చింది వాళ్లావిడే. నాకు లేచే ఓపిక లేదు అప్పుడు.

ఒక్క మాట అడుగుతాను. ఆయన పోయిన రోజు, అక్టోబరు పద్నాలుగున, పొద్దున మీరు ఇంట్లో ఉన్నారా?

వెర్నా


బీవర్ బే,
మే 21

వెర్నాకు,

బండి చేరింది. ఆర్విడ్ దాన్ని దించి, టోపీ తీసి కాసేపు నిలబడ్డాడు, శవపేటిక దించినట్టు. నాకు నవ్వు రాలేదు గాని, రావలసిన సందర్భమే.

ఛార్జర్ కొత్తది తెప్పించాను. నీ మొండితనం నీ ఇష్టం. బ్యాటరీ నిండాక తెర వెలిగింది. ఈ బండికి తెర, మోటారు, మైళ్ల మీటరు అన్నీ బ్యాటరీ ప్రాణంతోనే బతుకుతాయి. అది పోతే అన్నీ ఒకేసారి పోతాయి. మీటరు మీద మొత్తం మైళ్లు 1,246 అని ఉంది. మొదట ఉన్న అంకె రాసుకోకుండా ఏ ప్రయోగమూ మొదలుపెట్టకూడదని ముప్పై నాలుగేళ్లు గొంతు చించుకున్నవాణ్ణి, అందుకని రాసుకున్నాను.

బెల్లు తుప్పు పట్టింది. మోగితే రేకుడబ్బా మీద చెంచాతో కొట్టినట్టుంది. నూనె వేయలేదు.

పత్రికకు ఉత్తరం రాశాను. వచ్చే సంచికలో వేస్తున్నారు. డేల్ పేరు నాలుగుసార్లు వచ్చింది. నా దగ్గర ధ్రువాలకు నడిచినవాళ్ల చరిత్రలు రెండు అరల నిండా ఉన్నాయి. మంచులో చచ్చినవాళ్లలో ఎక్కువమంది దూరం వల్ల చావలేదు. దారిలో ఫలానా చోట తిండి దాచి ఉందని ఎవడో చెప్పిన మాట నమ్మి వెళ్లారు, అక్కడ చూస్తే లేదు. అందువల్ల చచ్చారు. ఆ ముక్కతోనే ఉత్తరం మొదలుపెట్టాను. డేల్ జీవితంలో మళ్లీ ఏ బండి మీదా అంకె వేయకూడదు. నాకు కావలసింది అంతే.

నువ్వడిగిన రోజు పొద్దున నేను సిల్వర్ బేలో పంటి డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని పడి ఉన్నాను. ఎందుకడిగావో తెలియదు.

నిన్న మొదటిసారి తొక్కుతూ హైవే పక్క ఆ కాఫీ కొట్టు ముందు ఆగాను. అక్కడున్న నాన్న పడవలో ఈసారి ఊదారంగు పెటూనియా పూలు వేశారు. హెర్రింగ్ చేపలు పట్టి మమ్మల్ని ఇద్దరినీ పెంచిన పడవ. నాకొక్క మాట చెప్పకుండా ఊరికి దానం చేసి, మట్టి నింపించి, పూలకుండీ చేయించాడు మీ ఆయన. తొమ్మిదేళ్లు మాట్లాడకపోవడం ఎక్కువంటారు అందరూ. వెళ్లి ఆ పూలు చూసి రమ్మను.

హార్లన్


టూ హార్బర్స్,
జూన్ 14

బావగారికి,

పత్రిక చదివాను. ఊరంతా చదివింది.

డేల్ పరీక్షలు మానేశాడు. కిరాణా కొట్లో వాళ్లావిడ నన్ను చూసి సరుకుల బండి వదిలేసి వెనక్కి వెళ్లిపోయింది. అందులో పాలు, గుడ్లు అలాగే ఉన్నాయి. నేనే ఆ బండిని కౌంటరు దాకా తోసి, ఆమెవని చెప్పి వచ్చాను.

ఆ పడవ అడుగు పుచ్చిపోయింది. రెండు చలికాలాలు మీరు వచ్చి చూస్తారని ఆయన ఎదురుచూశాడు. మీరు రాలేదు. కాల్చేయమన్నారు అందరూ. కాల్చడానికి చేతులు రాక పూలు వేయించాడు. ఇది మీకు ఎవరూ చెప్పలేదేమో.

ఇక చాలించండి.

వెర్నా


బీవర్ బే,
జులై 9

వెర్నాకు,

చాలించను. కానీ దాచను కూడా. ఫలితాలు ఇవి: మూడుసార్లు బ్యాటరీ పూర్తిగా చచ్చేదాకా తొక్కాను. నలభై ఏడు, నలభై ఆరు, నలభై ఏడు.

నాకు పిచ్చెక్కింది. పదహారు మైళ్లకు చచ్చిన బ్యాటరీ నలభై ఏడు ఎలా పోతుంది? చలి వల్లేనని తేల్చుకున్నాను. చలికి బ్యాటరీ ముడుచుకుంటుంది, ముసలివాడి వేళ్లలాగే. కాబట్టి అక్టోబరు దాకా ఆగుతాను. అదే తేదీకి, అదే చలిలో తొక్కుతాను.

ఈలోగా డేల్ వచ్చాడు. ముందు తలుపు దగ్గరికి రాలేదు, గ్యారేజీ వైపు వచ్చి బయటే నిలబడ్డాడు. పిలవందే మెట్టెక్కరు కదా మనవాళ్లు. కాఫీ తాగుతావా అంటే వద్దన్నాడు. మూడోసారి అడిగితే గానీ మనవాళ్లు ఎవరూ ఒప్పుకోరు. నేను రెండోసారి అడగలేదు.

"మాస్టారూ, నన్ను హంతకుడన్నారు పేపర్లో."

"అబద్ధాలకోరువన్నాను. మిగతాది నువ్వు చదువుకున్నది. జన్మలో మొదటిసారి శ్రద్ధగా చదివావన్నమాట."

"మా ఆవిడ చర్చికి రావడం మానేసింది."

"మంచిదే. ఆ ప్రసంగాలు వినదగ్గవి కావు."

వాడు నవ్వలేదు. సంచిలోంచి ఒక నోటుబుక్కు తీసి నా వర్క్‌బెంచీ మీద పెట్టాడు. "లైల్ గారు కొన్న రకం బండిది. మూడుసార్లు తొక్కాను. నలభై తొమ్మిది, నలభై ఏడు, నలభై ఐదు. పత్రికలో ఏది వేశాను? తక్కువది. మూడిట్లో తక్కువదే నమ్మమని నాకెవరు చెప్పారు మాస్టారూ?"

నేనే చెప్పాను. గాలి ఎటు, ఎండ ఎంత, తొక్కినవాడి బరువెంత, అన్నీ గడులు గీసి రాశాడు వెధవ. నా ల్యాబు పుస్తకం పద్ధతే.

"మీరు తెర మీద టేపు వేసుకున్నారా?" అన్నాడు పోతూ పోతూ.

"ఏం టేపు?"

"బ్యాటరీ గీతలు కనబడకుండా. గీతలు తగ్గుతుంటే కాళ్లు వాటంతటవే గట్టిగా తొక్కేస్తాయి. మనకు తెలీదు. మోటారు చేయాల్సిన పని మనమే చేసేసి, బండి గొప్పదనుకుంటాం. మీ నలభై ఏడులో రెండు మూడు మైళ్లు మీ కాళ్లవే."

"నా కాళ్లు అబద్ధమాడవు."

"అందరి కాళ్లూ ఆడతాయి మాస్టారూ," అన్నాడు, ఏదో జాలిపడుతున్నట్టు. అది నేను క్షమించను.

లైల్ ప్రతి ప్రయాణం తర్వాత మీటరు అంకె ఒక చిన్న పుస్తకంలో రాసుకునేవాడని ఆర్విడ్ చెప్పాడు. అది పంపు. డేల్ నోటుబుక్కుకు జవాబుగా మన దగ్గరా ఒకటి ఉండాలి.

హార్లన్


టూ హార్బర్స్,
సెప్టెంబరు 27

బావగారికి,

రెండు నెలలు పుస్తకం పంపలేదు. పంపకపోవడానికి ఒక మాట అడ్డం ఉంది, నాది కాదు, నేను ఇచ్చిన మాట. కానీ డేల్ వాళ్లు ఇల్లు అమ్మకానికి పెట్టారని ఆర్విడ్ చెప్పాడు. బతికి ఉన్నవాళ్లను చూసి, చనిపోయినవాళ్లకిచ్చిన మాట తప్పుతున్నాను.

ఈ పార్శిల్లో మూడు ఉన్నాయి. ఒకటి లైల్ పుస్తకం. చివరి పంక్తి చూడండి. రెండోది ఆయన ఛార్జర్. మూడోది షెరిఫ్ ఆఫీసు వాళ్లు ఇచ్చిన కాగితం, ఆ రోజు సైకిలు సంచిలో ఏమేం దొరికాయో రాసింది.

తీసివేత మీరే చేసుకోండి. పిల్లలకు నేర్పినవారు.

వెర్నా


బీవర్ బే,
అక్టోబరు 15

వెర్నాకు,

నిన్న తొక్కాను. అదే తేదీ, చేతులు కొంకర్లు పోయే అదే చలి, సరస్సు మీంచి అదే గాలి. తెర మీద టేపు వేసుకున్నాను. డేల్ చెప్పింది నిజం. టేపు వేస్తే కాళ్లకు ఏమీ తెలియదు, వాటి మానాన అవి తిరుగుతాయి. నలభై ఒక్క మైళ్లకు ఆగింది.

నీ పార్శిల్ వచ్చి పది రోజులైంది. నిన్నటిదాకా విప్పలేదు. ఫలితం రాకముందు జవాబు చూడకూడదన్నది నా నియమం. ఆ నియమం వెనక దాక్కున్నానని కూడా రాసుకో.

చివరి పంక్తి: అక్టోబరు 12, 1,206. నేను మేలో చూసిన అంకె 1,246. నలభై. గూస్‌బెర్రీకి వెళ్లి పదహారు మైళ్లలో ఆగినవాడి మీటరులో నలభై ఉండదు. కాసిల్ డేంజర్ దగ్గర ఆగిన చోటు నుంచి పదిహేను వెనక్కి లెక్కపెడితే మా ఇంటి ముందు పోస్టుడబ్బా వస్తుంది. అక్కడి నుంచి మీ ఇంటికి ఇరవై ఐదు. మ్యాపు అక్కర్లేదు, ఆ దూరం నాకు చిన్నప్పటి నుంచి తెలుసు.

షెరిఫ్ కాగితంలో ఇలా ఉంది: ఛార్జర్ ఒకటి, ఫ్లాస్కు ఒకటి, నిండుగా. కప్పులు రెండు.

డేల్ అంకె అబద్ధం కాదు. లైల్ దాన్ని తప్పుగా నమ్మనూ లేదు. చలిలో రానూపోనూ యాభై మైళ్లు పోదని వాడికి తెలుసు. పోవడానికి సరిపోతుందని, మా ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకోవచ్చని వచ్చాడు. ఫలానా చోట దాచి ఉందనుకున్నాడు. అక్కడ చూస్తే లేదు.

పంటి డాక్టరు దగ్గరికి నేను వెళ్లలేదు, వెర్నా. ఇంట్లోనే ఉన్నాను.

ఆ పొద్దున పదకొండు కావస్తోంది. సైకిలు బెల్లు రెండుసార్లు మోగింది. కిటికీ తెర కాస్త పక్కకు తీశాను. హెల్మెట్ పెట్టుకున్న ఆ మనిషి ఎవరో పోల్చుకోలేదని ఏడాదిగా నాకు నేను చెప్పుకుంటున్నాను. పోల్చుకున్నాను. ఎడమ భుజం దించి నిలబడడం మా నాన్న తీరు, వాడి తీరు. పోస్టుడబ్బా పక్కన నిలబడి, సంచిలోకి చెయ్యి పెట్టి, మళ్లీ తీసేసుకున్నాడు. నేను ఏమనుకున్నానో చెబుతాను, విను. రానీ, మెట్లెక్కి తలుపు కొట్టనీ, తొమ్మిదేళ్లు నేను ఆగాను, పావుగంట వాడు ఆగలేడా అనుకున్నాను. ఆగాడు. పావుగంటా ఆగాడు. మూడోసారి బెల్లు మోగితే వెళదామనుకున్నాను.

మోగలేదు. చినుకులు మొదలయ్యాయి. బండి తిప్పుకున్నాడు.

సాయంత్రం షెరిఫ్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చినప్పుడు, గూస్‌బెర్రీ దాకా వెళ్లాడట అన్నారు. ఆ అబద్ధాన్ని నేను రెండు చేతులా పట్టుకున్నాను. దాన్ని నిలబెట్టడానికే డేల్ మీద పడ్డాను. ఎవడో ఒకడు అబద్ధం ఆడి ఉండాలి కదా.

హార్లన్


టూ హార్బర్స్,
అక్టోబరు 24

బావగారికి,

మీ ఉత్తరం మూడు రోజులు వంటింటి బల్ల మీదే ఉంది. దాని మీద ప్లేటు పెట్టి భోంచేశాను. చదివాక అలా చేయాలనిపించింది.

ఆ పొద్దున ఫ్లాస్కు నింపింది నేనే. "తలుపు తీయకపోతే?" అన్నాను. "తీస్తే అన్న దగ్గరికి వెళ్లినట్టు. తీయకపోతే గూస్‌బెర్రీ దాకా వెళ్లొచ్చినట్టు. ఎవరడిగినా అదే చెప్పు. మా అన్న పరువు పోకూడదు," అన్నాడు. నా చేత ఒట్టు వేయించుకున్నాడు. అందుకే అందరికీ అలా చెప్పాను. వానలో ఆగిపోయినప్పుడు ఫోన్ ఆయన జేబులోనే ఉంది. ఎవరికీ చేయలేదు. మీకూ నాకూ కూడా. ఆస్ట్‌బీ వంశంవాళ్లు కదా మీరు, ఎవరినీ ఏమీ అడగరు.

"ఛార్జింగ్‌కి నాలుగున్నర గంటలు పడుతుంది, అంతసేపు ఏం మాట్లాడుకుంటారు?" అన్నాను. "మొదటి గంట పడవ గురించి తిట్లు తింటాను. తర్వాత సంగతి తర్వాత," అన్నాడు. ఈల వేసుకుంటూ వెళ్లాడు.

మీరు ఇంట్లో లేరేమోనని ఏడు నెలలు ఆశపడ్డాను. పంటి డాక్టరు మాట చదివిన రోజు, ఆయన పోయాక మొదటిసారి తెల్లారేదాకా నిద్రపోయాను. నా దగ్గర మిగిలింది ఆ ఒక్క నిద్ర. అదీ మీ అబద్ధం వల్ల వచ్చిందే.

నా క్షమాపణ అడగకండి. డేల్ దగ్గరికి వెళ్లండి.

వెర్నా


బీవర్ బే,
నవంబరు 4

వెర్నాకు,

డేల్ దగ్గరికి వెళ్లాను. మెట్లెక్కి తలుపు కొట్టాను. వాళ్లావిడ తీసింది. పత్రికకు పంపిన కాగితం అక్కడే నిలబడి చదివాను: అంకె నిజం, పరీక్ష నిజం, అబద్ధం నాది, మా తమ్ముడు వచ్చింది మా ఇంటికి. ఆమె విని తలుపు వేసుకుంది. డేల్ గ్యారేజీ వైపు నుంచి వచ్చి కాఫీ తాగుతారా అన్నాడు. వద్దన్నాను. మళ్లీ అడిగాడు. మూడోసారి కూడా అడిగాడు. తాగాను. ఇంటి అమ్మకం బోర్డు ఇంకా అలాగే ఉంది. తీస్తారో లేదో అడగలేదు.

క్షమాపణ అడగను. వేరే ఒకటి అడుగుతాను. మా వంశంలో ఇది మొదటిసారి కాబట్టి సరిగ్గా రాకపోవచ్చు.

శనివారం వాతావరణం పొడిగా ఉంటుందంటున్నారు. లైల్ బండి మీద వస్తాను. వాడి ఛార్జర్ సంచిలో పెట్టుకుంటాను. మీ మెట్ల దగ్గరికి వచ్చేసరికి బ్యాటరీలో పదహారు మైళ్ల ఛార్జింగే మిగులుతుంది. దాంతో తిరిగి రాలేను. నీ ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకోనిస్తావా?

బెల్లు మూడుసార్లు కొడతాను. నువ్వు బయటికి రాకపోతే, గూస్‌బెర్రీ దాకా వెళ్లొచ్చానని ఎవరికీ చెప్పను.

హార్లన్


టూ హార్బర్స్,
నవంబరు 6

బావగారికి,

ప్లగ్ వరండాలో ఉంది, తలుపుకు ఎడమ పక్క. ఫోన్‌లో వినలేని గొంతును ఎదురుగా వినగలనో లేదో తెలియదు. బహుశా మీరు వరండాలో, నేను వంటింట్లో కూర్చుంటాం. నాలుగున్నర గంటలు.

కాఫీ కాచి ఉంచుతాను. కప్పు మాత్రం మీది మీరు తెచ్చుకోండి. ఆ రెండు కప్పులూ షెరిఫ్ వాళ్లిచ్చిన సంచిలోనే ఉన్నాయి, నేను బయటికి తీయలేదు. కడగాల్సిన పని రాలేదు.

వెర్నా